గోప్యతా విధానం అనే ఆ చివరి పేజీ

“ఇంటి గుట్టు లంకకు చేటు” అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఐతే ఆ లంక గుట్టు బయటపడటానికి విభీషణుడంతటి వాడు సముద్రం దాటి రావలసి వచ్చింది. ఈ రోజుల్లో అంత శ్రమ ఎవరూ పడనక్కరలేదు. మన ఊరి బట్టల కొట్టు వెబ్‌సైటులోనో, పెళ్లిసంబంధాల బ్యూరో వెబ్‌సైటులోనో “మమ్మల్ని సంప్రదించండి” అన్నచోట పేరూ, ఫోన్ నెంబరూ నింపి బొత్తాం నొక్కితే చాలు. ఆ తర్వాత మన గుట్టు ఏ ఊళ్లు తిరుగుతుందో మనకు తెలియదు. ఆ సైటు సొంతదారుకూ తెలియదు. చిత్రమేమంటే, చాలాసార్లు ఆ సైటు కట్టిన కుర్రవాడికీ తెలియదు!

పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలున్న ప్రతి ఇంటికీ అనుభవమే ఇది. ఫలితాలు ఇంకా రానే రావు, కాలేజీల పి.ఆర్.ఓ.ల ఫోన్లు మొదలవుతాయి. “సార్, మీ అబ్బాయిని ఏ గ్రూపులో చేర్పిస్తున్నారు?” అని అడుగుతారు. అబ్బాయి పేరు తెలుసు, చదివిన స్కూలు తెలుసు, ఒక్కోసారి మార్కుల అంచనా కూడా తెలుసు. ఇవన్నీ వారికెలా తెలిశాయని అడిగితే ఫోన్ పెట్టేస్తారు. అన్నీ వెబ్‌సైట్ల నుంచే పోయాయని నేననను. కాగితం జాబితాలూ అమ్ముడుపోతాయి. కాని మోడల్ టెస్టు పెడతామనీ, ఉచిత కౌన్సెలింగు ఇస్తామనీ వెలిసే చిన్న చిన్న సైట్ల వాటా అందులో లేదని మాత్రం ఎవరూ అనలేరు. ఆ సైట్లు కట్టేది ఎవరు? పరాయి దేశం వాళ్లు కారు. మనవాళ్లే.

అవును మిత్రులారా, మనవాళ్లే. ఈ కళాశాల మెట్లు ఎక్కి దిగిన వారిలో ఎందరో ఇప్పుడు ఈ వృత్తిలో ఉన్నారు. ఈ వ్యాసం రాస్తున్న నేనూ ఉన్నాను. ఒక గది, రెండు కంప్యూటర్లు, ముగ్గురు మనుషులు. అంతే మా కంపెనీ. హాస్టల్ గదిలో కూర్చుని సెలవుల్లో ఐదారు వేలకు ఒక సైటు కట్టిపెట్టే విద్యార్థి సోదరులు ఇంకా ఎక్కువమంది. దంతవైద్యుడి క్లినిక్, కోచింగు సెంటరు, నర్సరీ మొక్కల తోట, ఫంక్షను హాలు - వీటికి బెంగుళూరు కంపెనీలు రావు. వాళ్ల రేట్లు వేరు. ఈ పని మనదే. కాబట్టి ఈ పాపమో పుణ్యమో కూడా మనదే.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రతి సైటుకూ అడుగు భాగాన, చిన్న అక్షరాలలో, “ప్రైవసీ పాలసీ” అని ఒక లింకు ఉంటుంది. తెలుగులో గోప్యతా విధానం అనవచ్చు. సైటంతా పూర్తయి, డబ్బు చేతికొచ్చే రోజున, చివరి గంటలో పెట్టే పేజీ అది. ఎలా పెడతారో అందరికీ తెలిసిందే. ఏదో పెద్ద సైటు తెరిచి, వారి పాలసీ కాపీ చేసి, కంపెనీ పేరు మార్చి అతికిస్తారు. లేకపోతే ఉచితంగా పాలసీలు తయారుచేసే యంత్రాలున్నాయి. ఇప్పుడైతే కృత్రిమ మేధను అడిగితే అరనిమిషంలో నాలుగు పేజీలు రాసిస్తుంది. ఒక పెళ్లిసంబంధాల బ్యూరో సైటులో నేను కళ్లారా చూశాను. తగాదా వస్తే కాలిఫోర్నియా రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయని రాసి ఉంది! ఆ బ్యూరో ఉన్నది మన జిల్లాలో, బస్టాండు వెనక మేడమీద. అమ్మాయి జాతకం ఇచ్చిన తండ్రి ఫిర్యాదు చెయ్యాలంటే కాలిఫోర్నియా వెళ్లాలన్నమాట. మరొక క్లినిక్ సైటులో “మీ వివరాలు పూర్తిగా ఎన్‌క్రిప్టు చేసి భద్రపరుస్తాము” అని ఉంది. భద్రపరిచే చోటు ఏమిటయ్యా అంటే రిసెప్షనులో కూర్చునే అమ్మాయి జీమెయిలు. ఆ జీమెయిలు పాస్‌వర్డు గోడకు అంటించి ఉంటుంది.

నవ్వు వచ్చే మాటే గాని, నవ్వి వదిలేసేది కాదు. పాలసీ పేజీ అనేది అలంకారం కాదు, మాట ఇవ్వడం. చెయ్యని పనిని చేస్తున్నామని రాసిపెట్టడం కన్నా ఏమీ రాయకపోవడమే కొంత నయం. ఐతే ఏమీ రాయకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. ఈ చట్టం సంగతి మనవారిలో నూటికి తొంభైమందికి తెలియదని నా అనుమానం. ఇదేదో నిన్నగాక మొన్న వచ్చిన గొడవ అనుకుంటారు. కాదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలో 43-ఏ సెక్షను కింద 2011లో వచ్చిన నియమాలలోనే ఇది ఉంది. వ్యక్తుల సమాచారం సేకరించే వ్యాపార సంస్థ తన గోప్యతా విధానం వెబ్‌సైటులో ప్రకటించాలి. ఏం సేకరిస్తున్నదీ, ఎందుకు సేకరిస్తున్నదీ, ఎవరికి ఇస్తున్నదీ, ఎలా కాపాడుతున్నదీ స్పష్టంగా చెప్పాలి. ఫిర్యాదులు వినే అధికారి పేరు, సంప్రదించే వివరాలు పెట్టాలి. నెలలోపు ఆ ఫిర్యాదు తీర్చాలి. “మేమేం కంపెనీయా, చిన్న షాపు గదా” అంటారేమో, ఆ సెక్షనులో సంస్థ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఒక్క మనిషి సొంత వ్యాపారం కూడా కలిసే ఉన్నది.

ఇక్కడ తెలుగువాళ్లందరూ గుర్తుంచుకోదగిన ఒక విషయం చెప్పాలి. 1962లో ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషి కేసు సుప్రీంకోర్టులో తీర్పుకు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేశారు గాని, పోలీసులు అతని మీద నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టి లేపుతూ ఉండేవారు. అర్ధరాత్రి తలుపు తట్టడం తప్పేనని ఆరుగురు న్యాయమూర్తులూ అన్నారు. కాని గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని ఎక్కువమంది తేల్చారు. ఒప్పుకోనివారు ఇద్దరు. ఆ అసమ్మతి తీర్పు రాసినవారు మన కోకా సుబ్బారావు గారు. రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయినవారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత ముఖ్యమైన భాగమనీ, నిఘా నియమమంతా చెల్లదనీ ఆయన రాశారు. ఆ మాట చెల్లుబాటు కావడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పి, ఖరక్ సింగ్ తీర్పులోని ఆ భాగాన్ని కొట్టివేసింది. లా చదివేవారికి ఇది పాఠంలో వస్తుంది. కంప్యూటర్లు చదివేవారికి కూడా ఒక పూట చెబితే బాగుండునని నా కోరిక.

సరే, ఫారం నింపి బొత్తాం నొక్కామనుకోండి. ఆ వివరాలు ఎక్కడెక్కడికి పోతాయి? ఇది తెలియకుండా పాలసీ రాయడమంటే ఇల్లు చూడకుండా అద్దె పత్రం రాసినట్టే. కొంచెం ఓపికగా చూద్దాం.

మాట వరసకు కోచింగు సెంటరు సైటు. సైటు వర్డ్‌ప్రెస్ మీద కట్టారు, ఫారం కోసం ఒక ఉచిత ప్లగిన్ పెట్టారు. విద్యార్థిని తన పేరు, నెంబరు, ఊరు రాసి పంపింది. మొదట అది హోస్టింగు కంపెనీ సర్వరుకు చేరుతుంది. ఆ సర్వరు ముంబాయిలో ఉందో, అమెరికాలో ఉందో, చవకగా వచ్చిందని కొన్నవాడు ఎప్పుడూ చూడలేదు. చాలా ప్లగిన్‌లు అక్కడి డేటాబేసులో ఒక కాపీ దాచుకుంటాయి, అడగకపోయినా. అక్కడినుంచి ఈమెయిలుగా సెంటరు వారికి వెళ్తుంది. కట్టేటప్పుడు పని చేస్తోందో లేదో చూడటానికి డిజైనరు తన ఈమెయిలు కూడా పెట్టుకుని ఉంటాడు. ఆ తర్వాత తియ్యడు. కాబట్టి ఆ అమ్మాయి నెంబరు, ఆమె ఎన్నడూ చూడని ఒక కుర్రవాడి ఇన్‌బాక్సులోకి కూడా వస్తుంది, రోజూ, ఏళ్ల తరబడి. సైటులో గూగుల్ అనలిటిక్స్ ఉంది, ఫేస్‌బుక్ ప్రకటనల కోసం పిక్సెల్ ఉంది. ఫారం నింపకపోయినా, ఎవరో వచ్చారనీ ఏ పేజీ చూశారనీ ఆ రెండు కంపెనీలకూ కబురు పోతుంది. అందమైన అక్షరాల కోసం గూగుల్ ఫాంట్లు నేరుగా వారి సర్వరు నుంచి తెప్పిస్తే, చూసేవాడి ఐ.పి. చిరునామా అక్కడికీ చేరుతుంది. ఇది మరీ చాదస్తం అనుకుంటారేమో! 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు సరిగ్గా ఈ కారణానికే ఒక సైటు యజమాని చేత, ఫిర్యాదు చేసినాయనకు 100 యూరోలు ఇప్పించింది. ఫాంట్లను సొంత సర్వరులో పెట్టుకుంటే తీరిపోయే సమస్య, పది నిమిషాల పని.

ఇంకా అయిపోలేదు. నెలకోసారి సైటు బ్యాకప్ తీస్తారు. అందులో డేటాబేసు, డేటాబేసులో ఆ అమ్మాయి నెంబరు. ఆ జిప్ ఫైలు డిజైనరు లాప్‌టాప్‌లో ఉంటుంది, పెన్‌డ్రైవులో ఉంటుంది, లాప్‌టాప్ పాతబడి అమ్మేసినప్పుడు కొన్నవాడి దగ్గరా ఉంటుంది. రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసిన కుర్రవాడి దగ్గర అడ్మిన్ పాస్‌వర్డు ఉంటుంది, ఎందుకంటే ఎవరూ మార్చలేదు గనుక. వీటిలో ఏ ఒక్కచోటా దొంగతనం లేదు, కుట్ర లేదు. ఉన్నదల్లా అజాగ్రత్త. కాని పి.ఆర్.ఓ.కు జాబితా అమ్మాలనుకునేవాడికి ఆ అజాగ్రత్తే పెట్టుబడి. ఆ అమ్మాయికి రాత్రిపూట తెలియని నెంబర్ల నుంచి వాట్సాప్ మెసేజీలు వస్తే ఇంట్లో ఎవరిని తిడతారు? ఆమెనే. “నెంబరు ఎవరికిచ్చావ్?” అంటారు. ఫోను లాక్కుంటారు. చదువే మానిపించే ఇళ్లూ మనకు తెలియనివి కావు. సైటు కట్టినవాడికి ఇదంతా తెలియనే తెలియదు.

ఇది సైటుకు వచ్చేవారి సమాచారం. డిజైనరుకు తన కస్టమర్ల సమాచారం వేరే ఉంటుంది. షాపు యజమాని తన డొమైను పాస్‌వర్డు, ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డు, ఆన్‌లైన్ చెల్లింపుల కోసం పాన్ కార్డు, బ్యాంకు చెక్కు ఫోటోలు అన్నీ నమ్మకంతో వాట్సాప్‌లో పంపేస్తాడు. అవి మన ఫోన్ గ్యాలరీలో పెళ్లి ఫోటోల మధ్య పడి ఉంటాయి. వీటి గురించి మన సొంత వెబ్‌సైటు పాలసీలో ఒక్క ముక్క ఉందా? నేను చూసినంతలో ఎక్కడా లేదు.

2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది - డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టంలో సమాచారం ఎవరిదో ఆ మనిషిని “డేటా ప్రిన్సిపల్” అంటారు (మన ప్రిన్సిపాల్ గారు కంగారుపడనక్కరలేదు). ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవాడు “డేటా ఫిడ్యూషియరీ”. అతని తరఫున పని చేసిపెట్టేవాడు “డేటా ప్రాసెసర్”. మన చిన్న డిజైనరు తన కస్టమర్ల విషయంలో ఫిడ్యూషియరీ. కస్టమరు సైటును చూసుకుంటున్నంతకాలం, దానికి వచ్చేవారి విషయంలో ప్రాసెసరు. ఒకే మనిషికి రెండు వేషాలు.

ఇక్కడే నాకు బాధ కలిగించే సంగతి ఉంది. ప్రాసెసరు తప్పు చేసినా చట్టం ముందు జవాబు చెప్పవలసినవాడు ఫిడ్యూషియరీయే. అంటే మన అజాగ్రత్తకు దండుగ కట్టేది ఆ బట్టల కొట్టాయన, ఆ నర్సరీ తోటాయన. తగిన రక్షణ ఏర్పాట్లు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెయ్యవచ్చు. చిన్న కొట్టుకు అంత వెయ్యరు, నిజమే. తప్పు తీవ్రతను బట్టి వేస్తారు. కాని మనల్ని నమ్మి, “తమ్ముడూ, ఇవన్నీ నాకు తెలియవు, నువ్వే చూసుకో” అన్న మనిషిని అలాంటి పరిస్థితిలో నిలబెట్టడం న్యాయమా? ప్రాసెసరుతో చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండాలని కూడా చట్టం అంటోంది. మన మధ్య ఒప్పందాలేమున్నాయి? వాట్సాప్‌లో “ఓకే సార్” అన్న ఒక్క మాట.

ఈ చట్టం బంగారమని నేను చెప్పడం లేదు. ప్రభుత్వం తన సంస్థలకు తానే మినహాయింపు ఇచ్చుకునే వీలు అందులో ఉంది. సమాచార హక్కు చట్టాన్ని కొంత బిగించిందన్న విమర్శ ఉంది, ఆ విమర్శతో నేను ఏకీభవిస్తాను. అబద్ధపు ఫిర్యాదు చేస్తే పౌరుడికే పదివేల వరకు జరిమానా పెట్టడం నాకు నచ్చలేదు. ఐతే ఏలినవారి లోపాలు మన లోపాలకు సాకు కాకూడదు గదా.

“ఎవడు చదువుతాడండీ ఆ పేజీని?” అని అడుగుతారు. మంచి ప్రశ్నే. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు 2008లో లెక్క వేశారు: ఒక మనిషి తాను ఏడాదిలో చూసే సైట్ల పాలసీలన్నీ చదవాలంటే సుమారు 200 గంటలు పడుతుందట. ఎవడికుంది అంత తీరిక? కాని దీనివల్ల తేలేదేమిటి? పాలసీ అక్కరలేదని కాదు, పొడుగు పాలసీ పనికిరాదని. పెద్ద కంపెనీకి వంద రకాల వ్యాపారాలుంటాయి, లాయర్లుంటారు, అందుకని ముప్పై పేజీలు రాస్తారు. నర్సరీ తోటకు ముప్పై పేజీలేమిటి? చిన్న వ్యాపారానికి ఉన్న గొప్ప సౌకర్యమే ఇది. దాని సంగతి మొత్తం అర పేజీలో నిజాయితీగా చెప్పేయవచ్చు.

ఆ అర పేజీ తెలుగులో చెప్పాలి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకునే వీలు కల్పించాలని కొత్త చట్టమే చెబుతోంది. ఐతే తెలుగు అంటే “ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, వినియోగదారుడు మూడవ పక్షములకు బదలాయింపునకు సమ్మతించినవాడగును” అనే తెలుగు కాదు. అది ఇంగ్లీషుకు పంచె కట్టడం. మన అత్తయ్యకు ఫోనులో చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగు. నేను ఒక క్లినిక్ కోసం రాసినది దాదాపు ఇలా ఉంటుంది:

“మీరు ఈ ఫారంలో రాసిన పేరు, ఫోన్ నెంబరు, రావాలనుకునే రోజు మాకు ఈమెయిలుగా వస్తాయి. అపాయింటుమెంటు ఖాయం చెయ్యడానికి తప్ప మరి దేనికీ వాడము. మీ జబ్బు వివరాలు ఇక్కడ రాయకండి, డాక్టరుగారితోనే చెప్పండి. మూడు నెలలయ్యాక ఇవి తీసివేస్తాము. సైటును చూసుకునే సంస్థవారికి మరమ్మతు సమయంలో ఇవి కనబడవచ్చు. వాటిని బయటపెట్టబోమని, తమ దగ్గర ఉంచుకోబోమని వారు మాకు రాసి ఇచ్చారు. ఈ సైటులో ప్రకటనల కంపెనీల నిఘా ఏదీ పెట్టలేదు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవాలన్నా, మీ వివరాలు ముందే తీసెయ్యమనాలన్నా, ఫిర్యాదు చెయ్యాలన్నా ఈ కింది పేరుగల వారికి ఫోన్ చెయ్యండి. నెలలోపు జవాబు ఇస్తాము. అప్పటికీ తృప్తి లేకపోతే డేటా రక్షణ బోర్డుకు ఫిర్యాదు చేసుకోవచ్చు.”

ఇంతే. దీన్ని రాయడానికి నాకు అరగంట పట్టింది. కాని దీన్ని నిజం చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ప్లగిన్‌లో కాపీ దాచుకోవడం ఆపాలి, పాతవి తుడిచెయ్యాలి, నా ఈమెయిలు తీసెయ్యాలి, పిక్సెల్ తొలగించాలి, పాస్‌వర్డులు మార్చాలి. పాలసీ వల్ల లాభం అదే. నిజం రాయాలని కూర్చుంటే, రాయడానికి సిగ్గుపడే పనులన్నీ ఒక్కొక్కటే మానుకోవలసి వస్తుంది. ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారంటారా? నేను బిల్లులో వేశాను. ఎందుకని డాక్టరుగారు అడిగారు, చెప్పాను, ఇచ్చారు. అందరూ ఇస్తారని చెప్పలేను. ఒక ఫంక్షను హాలాయన “ఇవన్నీ నీ చాదస్తం” అని వేరే కుర్రవాడి దగ్గరకు వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి.

విద్యార్థి సోదరులకు నా సలహా ఒక్కటే. సైటు ఒప్పుకునే ముందు ధర మాట్లాడినట్టే, “ఈ ఫారంలో ఇన్ని గళ్లెందుకు?” అని కూడా అడగండి. బట్టల కొట్టుకు పుట్టినరోజు ఎందుకు? కోచింగు సెంటరుకు తండ్రి జీతం ఎందుకు? పైగా ఆ ఫారం నింపేది పద్ధెనిమిదేళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది కొత్త చట్టం. అడగని వివరం పోయే ప్రమాదమే లేదు. దాన్ని కాపాడే ఖర్చూ లేదు.

ఇక మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. వార్షికోత్సవానికీ, పూర్వ విద్యార్థుల సమ్మేళనానికీ ఏటా ఆన్‌లైన్ ఫారం పెట్టి పేర్లు నమోదు చేస్తున్నారు. పేరు, బ్యాచి, ఫోన్, ఈమెయిలు, ఉద్యోగం, ఊరు అన్నీ అడుగుతున్నారు. ఆ షీటు ఎవరి జీమెయిలు ఖాతాలో ఉంది? గత సంవత్సరపు కార్యదర్శి చదువు ముగించి వెళ్లిపోయారు గదా, ఆయన దగ్గర ఇంకా ఉందా? లింకు ఉన్న ప్రతివారూ తెరిచి చూసేలా వదిలేశారా? ఈసారి సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఈ మూడు ప్రశ్నలు చేర్చమని కోరుతున్నాను. ఆ ఫారం కింద పెట్టవలసిన అర పేజీ తెలుగు నేను రాసిస్తాను. బిల్లు వెయ్యను.